ఉప్పుకోటలో చివరి పదహారు పేజీలు

సినిమా చెత్తగా ఉందని నేను పెట్టిన పోస్టు ఆ గ్రూపులో ఇప్పటికీ ఉంది. నాలుగొందల పైచిలుకు కామెంట్లు, అందులో మూడొంతులు నన్ను తిట్టినవే. తీసెయ్యవే బాబూ అని నా స్నేహితురాలు సుహాసిని ఎన్నిసార్లు మొత్తుకుందో. నేను తియ్యలేదు. మొదట్లో పంతం కొద్దీ ఉంచాను. తర్వాత వేరే కారణానికి ఉంచాను.

పోయినేడాది వేసవి సంగతి ఇది.

"ఉప్పుకోట" పిల్లల నవల. పగడ అని పదమూడేళ్ళ పిల్ల. ఎవరో ఎత్తుకుపోయిన తెల్లవారుజాముల్ని వెనక్కి తేవడానికి, సముద్రం అడుగున ఉప్పుతో కట్టిన కోటలోకి దిగుతుంది. దాని చెల్లెలు గవ్వ ఒడ్డున కాపలా ఉంటుంది. అక్క మణికట్టుకి ఒక కొస, చెల్లి మణికట్టుకి ఒక కొస, మధ్యలో పొడుగాటి దారం. లోపల్నుంచి పగడ గుంజిందంటే గవ్వ లాగాలి. అంతే కథ. అంతేనా అని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఏడు తలుపులూ, ఒక్కో తలుపు దగ్గరా ఒక్కో కాపలాదారూ, ఎవడికి ఏం అబద్ధం చెప్పాలో, ఏ తలుపు దగ్గర అబద్ధం పనికిరాదో, అన్నీ నాకు నోటికి వచ్చు.

మా ఇంట్లో ఉన్న కాపీకి చివరి పదహారు పేజీలు లేవు. చెదలు తినేశాయని బళ్ళో పారేస్తుంటే మా అక్క గౌరి లంగా ఒడిలో పెట్టుకుని తెచ్చేసింది. నాకు చదివి వినిపించేది అదే. ఏడో తలుపు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం అయిపోయేది, ఆ పైన అక్క నోటికొచ్చినట్టు చెప్పేది. అక్క చెప్పిన ముగింపులో పగడ దగ్గర తాళంచెవి ఉండదు. చేప దవడ ఉంటుంది. ఆ దవడతో చీకటిని దువ్వి, ఏకులు చేసి, నూలు వడికి, తక్కువైన దారానికి ఆ నల్లదారం ముడేసి, అప్పుడు గుంజుతుంది. గవ్వ లాగుతుంది. అక్క పైకి వచ్చేస్తుంది.

చేప దవడ ఎందుకంటే మాది పొందూరు. మా అమ్మ నూలు వడుకుతుంది, నాన్న నేస్తాడు. గింజ మీది పత్తిని మా వాళ్ళు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకి సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, నలకలు పోయి పీచంతా వరసకి వస్తుంది. కుడిచేత్తో పట్టుకుని, పళ్ళు అవతలికి పెట్టి దువ్వాలి. మా అక్కది ఎడంచేతి వాటం. పైగా పళ్ళు తనవైపు తిప్పుకునేది. పని మొదలుపెట్టే ముందు ఆ దవడతో నా జుట్టు ఒకసారి దువ్వేది, అదో సరదా దానికి. అమ్మ కేకలేసేది. "దువ్వెన అనుకున్నావేటే? పత్తిలో ఎంటికలు పడిపోతాయి! పళ్ళు అటు తిప్పు!" అక్క ఊఁ అనేది, మళ్ళీ ఇటే తిప్పేది.

అప్పటికి పధ్నాలుగేళ్ళ కిందట మాఘ పున్నమికి సముద్రస్నానాలకని కళింగపట్నం వెళ్ళాం. అక్కకి పదమూడు, నాకు ఎనిమిది. అక్కడ అక్క కనబడకుండా పోయింది. రెండు రోజులు పడవల మీద వెతికారు. శవం దొరకలేదు. అలాంటి పిల్ల ఒకత్తి శ్రీకాకుళం బస్సు ఎక్కడం చూశానని చేపలమ్మే ఆవిడెవరో అంది. ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ పధ్నాలుగేళ్ళు బతికింది. "నువ్వు పక్కనే ఉన్నావు గదే, ఎటెల్లినాదో సూడలేదా?" అని అమ్మ అడిగినప్పుడల్లా నేను ఒకటే చెప్పేదాన్ని. గవ్వలు ఏరుకుంటున్నానమ్మా, చూడలేదు.

*

మనిషి కనబడకుండా పోతే పన్నెండేళ్ళు చూసి, ఆ తర్వాత దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించాలి. మా నాన్న గంగులు రెండేళ్ళు ఓపిక పట్టాడు. పోయినేడాది చైత్రంలో ఒకరోజు, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"పంతులు గారితో మాటాడినాను. వైశాఖ అమావాస్య మంచిదంట. కళింగపట్నంలోనే సేయిద్దాం."

అమ్మ పత్తి దువ్వుతోంది. చెయ్యి ఆగలేదు. "దేనికి?"

"దేనికేటే దేముడమ్మా. ఆ పిల్లని ఎన్నాళ్ళు గాల్లో ఉంచేస్తాం? ఆకలో దాహమో తెలీదు దానికి. నాకు కలలోకి వస్తన్నాది."

"నాకు రాదు. బతికున్నోళ్ళు కలలోకి రారు."

నాన్న నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. నేను కంచం తీసుకుని పెరట్లోకి పోయాను. ఇంట్లో ఓ మూల అక్క రాట్నం ఉంది. కదురు మీద అది సగంలో వదిలేసిన నూలు అలాగే ఉంది. తెంపితే మనిషి తిరిగి రాదని అమ్మ నమ్మకం, దుమ్ము దులపడానికి కూడా ఎవరినీ ముట్టుకోనివ్వదు. చిన్నప్పుడు నేను ఆ మూలకి వెళ్ళేదాన్ని కాదు. పెద్దయ్యాక కూడా వెళ్ళలేదు.

చివరికి అమ్మ ఎలా ఒప్పుకుందో తెలీదు. నాన్న ఏడ్చాడనుకుంటాను. నేను ఎచ్చెర్ల నుంచి, అదే, యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ గడపలో చెరో పక్కా కూర్చుని ఉన్నారు. "సరేలే, సేయించు" అంది అమ్మ గోడతో అన్నట్టు.

ఆ వారమే సినిమా వచ్చింది.

ఉప్పుకోటని సినిమా తీస్తున్నారని తెలిసినప్పటి నుంచి మా గ్రూపులో పండగే. "ఉప్పుకోట పిల్లలు" అని గ్రూపు, నాలుగు వేల మంది ఉన్నారు, నేను పాత కాపుని. ఎవరైనా తప్పు రాస్తే పేజీ నంబరుతో సహా దిద్దుతాను. నన్ను అక్కడ మేష్టారమ్మ అంటారు. పూర్తి పుస్తకం నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. ఆ పదహారు పేజీలూ నిలబడే చదివేశాను. చదివి ఛీ అన్నాను, లైబ్రరీ ఆయన తలెత్తి చూశాడు. ఏడో తలుపు దగ్గర ఇసకలో తాళంచెవి దొరుకుతుందిట! అంతే! దానికోసమా నేను పదేళ్ళు ఎదురుచూసింది? మా అక్క చెప్పిందే నయం.

సినిమాకి నేనూ సుహాసినీ వెళ్దామనుకున్నాం. సుహాసిని నాతో చదువుతుంది, నాకున్నంత పిచ్చి లేదు దానికి, పాప్‌కార్న్ కోసం వస్తుంది. నేను తయారవుతుంటే అమ్మ కూడా కొత్త చీర కట్టుకుంది.

"నువ్వెక్కడికమ్మా?"

"గౌరి సెప్పీ కత కదా. నానూ సూస్తాను."

పధ్నాలుగేళ్ళలో మా అమ్మ సినిమా హాలు గడప తొక్కలేదు. అమ్మని కూడా తీసుకెళ్ళాను.

*

శ్రీకాకుళంలో మార్నింగ్ షో. హాలు నిండా పిల్లలు. మొదటి సగం ఎంత బాగుందో చెప్పలేను. నాలుగో తలుపు దగ్గర ముసలి పీత మాట్లాడుతుంటే నేను పక్కనే పెదాలు కదుపుతూ అన్నీ అప్పజెప్పేశాను. ఇంటర్వెల్లో సుహాసిని, "పిన్నీ, నీ కూతురు సినిమా చూస్తందా, పరీక్ష రాస్తందా?" అని అమ్మతో అంది. అమ్మ నవ్వింది కూడా.

రెండో సగంలో ఏడో తలుపు వచ్చింది. పగడ వంగి ఇసకలో చెయ్యి పెట్టింది. తాళంచెవి తియ్యాలి.

తీసింది తాళంచెవి కాదు. తెల్లగా, వంపు తిరిగి, పళ్ళతో ఉంది. ఎడంచేత్తో పట్టుకుంది. పళ్ళు తనవైపు తిప్పుకుంది. చెవి పక్క నుంచి తన జుట్టు ఒకసారి దువ్వుకుంది. తర్వాత చెయ్యి చాచి ఎదురుగా ఉన్న చీకటిని దువ్వడం మొదలెట్టింది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అదేటే, అలగ పట్టుకున్నాది?" అంది మెల్లగా. వెంటనే లేచి నిలబడి, హాలంతా వినబడేలా, "పళ్ళు అటు తిప్పవే!" అంది.

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. సుహాసిని అమ్మని కూర్చోబెట్టింది. తెర మీద పగడ ఏకు చుట్టింది, నూలు వడికింది, ముడేసింది. ఒడ్డున గవ్వ కూర్చుని గవ్వలు ఏరుకుంటోంది. మొహం పక్కకి తిప్పుకుని ఉంది, అలిగినట్టు. దాని మణికట్టు మీద దారం ఒకసారి గుంజుకుంది. అది తిరగలేదు. చూసి కూడా తిరగలేదు. ఇంక నావల్ల కాలేదు, కళ్ళు మూసేసుకున్నాను. సముద్రం చప్పుడు చాలాసేపు వినబడింది, ఆ తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు.

కళ్ళు తెరిచేసరికి లైట్లు వేసేశారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. సుహాసిని కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా తీశాడే!" అంది. దాని చెంప పగలగొట్టాలనిపించింది.

ఇల్లు చేరాక అమ్మ, చెప్పులు విప్పకుండానే నాన్నతో అంది. "పంతులు గారికి వద్దని సెప్పీ. బతికున్న పిల్లకి కర్మేటి?"

*

ఆ సాయంత్రం నేను పోస్టు పెట్టాను. కోపంలో ఉన్నాను, అది నా తప్పు కాదు. "ఉప్పుకోట తీసినవాళ్ళకి బుద్ధుందా? తాళంచెవి తీసేసి చేప దవడ పెట్టారు. పోనీ అది క్షమించొచ్చు. అక్క దారం గుంజితే గవ్వ లాగకుండా కూర్చుంటుందా? లాగకుండానే సినిమా అయిపోతుందా? పిల్లలు చూసే సినిమా ఇది!" అని, ఇంకా చాలా.

మొదటి కామెంటు పది నిమిషాల్లో వచ్చింది. "మేష్టారమ్మా, ఏ సినిమాకి వెళ్ళావు?"

ఆ తర్వాత వరసగా. చేప దవడేంటి? తాళంచెవే కదా. గవ్వ లాగుతుంది కదా, మా పాప ఏడ్చింది అక్కడ. పుస్తకం చదివానని గొప్పలు చెప్పుకునేవాళ్ళు సినిమా చూడకుండానే రివ్యూలు రాసేస్తారు. ఎవడో తెర మీద ఫొటో తీసి పెట్టాడు. పగడ అరచేతిలో గవ్వ ఆకారంలో తాళంచెవి, బంగారు రంగులో మెరుస్తోంది.

సుహాసినికి ఫోన్ చేశాను. "ఏడో తలుపు దగ్గర పగడ చేతిలో ఏముంది? నిజం చెప్పు."

"తాళంచెవి."

"చివర్లో?"

"చెల్లి లాగుతాది, అక్క పైకొస్తాది, తెల్లారుతాది. ఏటైందే నీకు? అవునూ, పిన్ని ఎందుకలా అరిచింది పొద్దున్న? ఎవరిని తిప్పమంది?"

నేను ఫోన్ పెట్టేశాను. మర్నాడు కాలేజీకి వెళ్తున్నానని చెప్పి ఒక్కదాన్నే మ్యాట్నీకి పోయాను. అదే హాలు. ఏడో తలుపు దగ్గర పగడ వంగింది, ఇసకలో చెయ్యి పెట్టింది, తాళంచెవి తీసింది. దారం గుంజింది. గవ్వ ఎగిరి గంతేసి, రెండు చేతులా లాగింది. నా పక్కన ఓ తల్లి తన పిల్లని ముద్దు పెట్టుకుంది. బయటకొచ్చి సైకిల్ స్టాండు గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది, నాకు చలేస్తోంది.

నేనొక్కదాన్నే అలా చూసుంటే బుర్ర చెడిందనుకుని ఊరుకునేదాన్ని. అమ్మ కూడా చూసింది. పళ్ళు అటు తిప్పమంది.

ఇంకో సంగతి. అమ్మకి అందులో కూతురు బతికున్న జాడ కనబడింది. నాకు వేరేది కనబడింది. ఆ గవ్వ నేనే. నేను చేసింది ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఒకత్తిని నేను.

*

ఆ తర్వాత పది రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ అక్క రాట్నానికి నూనె పెట్టింది. నాలుగు కంచాలు వడ్డించేది. వీధి తలుపు మధ్యాహ్నం వడగాలిలో కూడా బార్లా తెరిచి ఉంచేది. నాన్న ఒకరోజు మూసేస్తే, వెళ్ళి తెరిచి వచ్చి, పని చూసుకుంది. "సినిమావోళ్ళకి సెప్పింది అదే. ఇంకెవరికి తెలుసు ఆ కత? ఆళ్ళ ఆఫీసు ఎక్కడో కనుక్కోవే యమునా, ఎల్దాం" అని రోజూ నా వెంటపడేది. ఆవిడ మొహం వెలిగిపోతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఏం చెప్పను? బస్సు ఎక్కిన పిల్ల ఎవరో నాకు తెలీదు గానీ, అది మా అక్క కాదని నాకు తెలుసు.

పదకొండో రోజు మధ్యాహ్నం. కరెంటు లేదు. నాన్న మగ్గం గుంటలో ఉన్నాడు, గుంట చల్లగా ఉంటుందని. అమ్మ పత్తి బుట్ట ముందేసుకుని చెయ్యి కదపకుండా కూర్చుంది.

"ఇది నువ్వు దువ్వినావేటే?"

నేను చూశాను. బుట్టలో పైన పిడికెడు పత్తి దువ్వి ఉంది. పీచంతా ఇటు తిరిగి ఉంది. పళ్ళు తనవైపు పెట్టుకుని దువ్వితేనే అలా తిరుగుతుంది. నాకు పత్తి దువ్వడం రాదు, అమ్మకి తెలుసు. దవడ పళ్ళ మధ్య ఒక వెంట్రుక చిక్కుకుని ఉంది. అమ్మ జుట్టు నెరిసిపోయింది. నేను ఆ వేసవికి భుజాల దాకా కత్తిరించేసుకున్నాను. ఆ వెంట్రుక నల్లగా ఉంది, మూరెడు పైనే ఉంది.

అమ్మే దువ్విందేమో. తనకి తెలీకుండా దువ్విందేమో. ఇప్పటికీ నాకు తెలీదు. కానీ అమ్మ ఆ వెంట్రుకని వేలికి చుట్టుకుని, నవ్వుతూ, "వచ్చీసినాది" అంది. ఆ నవ్వు చూసి నేనింక ఆగలేకపోయాను.

"అమ్మా, అక్క బస్సు ఎక్కలేదు."

"ఏటి?"

"నీళ్ళలోకి దిగింది. నేను చూశాను. ఉప్పుకోట ఆట ఆడుకున్నాం. నీళ్ళలో నల్లగా ఓ రాయి కనబడింది, అదే కోట తలుపని అక్క అంది. అది వడికిన నూలు చిలప ఒకటి ఇంటి నుంచి తెచ్చింది, ఓ కొస దాని చేతికి, ఓ కొస నా చేతికి. నేనే పగడని అవుతానన్నాను. నువ్వు చిన్నదానివి, గవ్వవే నువ్వు, ఒడ్డున కూర్చో అంది. నాకు కోపం వచ్చింది. అటు తిరిగి కూర్చున్నాను. దారం గుంజుకుంది అమ్మా. ఒక్కసారి. నాకు తెలిసింది. లాగలేదు. ఉండనీ కాసేపు, అనుకున్నాను. తర్వాత లాగితే దారం వట్టిగా వచ్చేసింది. నాకు భయం వేసి ఎవరికీ చెప్పలేదు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అమ్మ లేచి నా చెంప మీద కొట్టింది. నా జన్మలో అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. మళ్ళీ చెయ్యెత్తింది గానీ కొట్టలేదు, అలాగే కూలబడిపోయింది. నాన్న గుంటలోంచి లేచి, స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరూ ఏడవలేదు. అమ్మే అడిగింది.

"ఆ నూలేది?"

నా పెట్టెలోంచి ఉప్పుకోట పుస్తకం తీసుకొచ్చాను. పదహారు పేజీలు ఊడిన చోట ఉంది అది, చిన్న ఉండ, ఉప్పు పట్టి బిరుసెక్కి. పధ్నాలుగేళ్ళుగా నేను దాన్ని విప్పలేదు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో కొస వెతికింది. తెరిచి ఉన్న తలుపు దగ్గరికి జరిగి, వెలుతురులోకి పెట్టి చూసింది. ఒక కొస చూసింది. రెండో కొస చూసింది. రెండో కొస దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇది తెగలేదే" అంది.

"అంటే?"

"నూలు తెగితే కొసన పీచు లేస్తాది. కత్తిరిస్తే మొద్దుగా ఉంటాది. ఇది రెండూ కాదు. ఇదిగో, ఇక్కడో వంకీ, ఇక్కడో వంకీ, ముడి పడిన సోటు. వంద కౌంటు సన్న నూలిది, కెరటం ఈడిస్తే పుటుక్కుమనీది. తెగలేదు. ముడి విప్పినారు."

నాకేమీ అర్థం కాలేదు. అమ్మ నా మొహంలోకి చూసింది.

"హాల్లో నువ్వు కళ్ళు మూసీసుకున్నావు. నాను సూసినాను. ఆ పిల్ల ఒక్కపాలి గుంజినాది. సెల్లి తిరగలేదు. రెండోపాలి గుంజడానికి సెయ్యెత్తి, మరి ఆగిపోనాది. ఒడ్డేపు సూసినాది. అప్పుడు సేతికున్న ముడి పళ్ళతో విప్పీసుకుని, దారం వదిలీసి, తలుపేసుకున్నాది. తనంతట తను విప్పుకున్నాది గదా, ఇష్టమయ్యి ఎల్లిపోయినాదేమో, ఎక్కడో సుకంగా ఉన్నాదేమో అనుకున్నాను నాను. అందుకే ఇన్ని రోజులూ..." అమ్మ ఆ వంకీలని బొటనవేలితో నిమిరింది. "రెండోపాలి గుంజితే నువ్వు ఎల్లీదానివే. నీ కోపం ఎంతసేపు? అక్క పిలస్తన్నాదని నీళ్ళలోకి ఎల్లీదానివి. ఎనిమిదేళ్ళ దానివి. దానికి తెలుసు."

అప్పుడు ఏడ్చాను నేను. పధ్నాలుగేళ్ళ ఏడుపు, అంత తొందరగా అయిపోలేదు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. ఆ నూలు మళ్ళీ ఉండ చుడుతూ కూర్చుంది.

సాయంత్రం నాన్నతో, "పంతులు గారికి సెప్పీ" అంది. ఆ రోజు వీధి తలుపు తనే మూసింది.

ఆ వారంలోనే నా పోస్టు కింద నేనే ఒక కామెంటు పెట్టాను. "పగడ ముడి తనే విప్పుకుంది. చెల్లి నీళ్ళలోకి దిగకూడదని." దాని కింద కూడా తిట్లే. తిట్టుకోనీ. ఆ ముగింపు ఈ లోకంలో రాసి ఉన్నది అక్కడొక్కచోటే, అందుకే తియ్యను.

*

వైశాఖ అమావాస్య నాటికి ఎండలు ఇంకా ముదిరాయి. పొద్దున్న ఎనిమిదింటికే కళింగపట్నం ఇసక కాళ్ళు కాలుస్తోంది. దూరంగా ఎండుచేపల వాసన. ఇలాంటివాటికి మా వాళ్ళలో ఆడవాళ్ళు రారు. అమ్మ వచ్చింది, నన్నూ తీసుకొచ్చింది, పంతులు గారు తప్పక ఒప్పుకున్నారు.

దర్భబొమ్మ చిన్నది, జానెడు కూడా లేదు. నాన్న నిప్పు పెట్టాడు. ఆ బూడిద ముంతలో ఎత్తి, మూతికి గుడ్డ కట్టాక, అమ్మ కొంగు ముడి విప్పి నూలు ఉండ తీసింది. ఒక కొస ముంత మెడకి కట్టింది. రెండో కొస నా ఎడం మణికట్టుకి కట్టింది. అక్క చేతికున్న ఆ కొసన వంకీలు కనబడుతున్నాయి, సరిగ్గా ఆ వంకీల మీదే ముడేసింది.

నాన్న ముంత పట్టుకుని నడుం లోతు దాకా వెళ్ళి వదిలాడు. అది మునగలేదు. తేలుతూ లోపలికి పోయింది. నేను మోకాలు లోతులో నిలబడ్డాను, ఉండలోంచి నూలు కొంచెం కొంచెంగా జారుతూ పోతోంది. కెరటాలు పెద్దగా లేవు. నూలు అయిపోయి చేతి దగ్గరికి వచ్చేసింది. ముంత కనబడడం మానేసింది.

అప్పుడు గుంజింది. ఒక్కసారి.

అల లాగిందన్నాడు నాన్న తర్వాత. పంతులు గారూ అల అన్నారు. అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఆ గుంజుడు తెలుసు, ఇదివరకు ఒకసారి తగిలిందే. నా కాళ్ళు వాటంతట అవే ముందుకి పడ్డాయి. రెండు అడుగులు, మూడో అడుగు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. వెనక నుంచి అమ్మ నా చున్నీ గట్టిగా పట్టుకుంది.

"వద్దే. విప్పీ."

"అక్కే..."

"తెలుసు. విప్పీ."

విప్పడం మొదలుపెట్టాను. అమ్మ సాయం చెయ్యలేదు, చున్నీ మాత్రం వదల్లేదు. తడిసిన నూలు ముడి బిగుసుకుపోయింది, గోరు దూరలేదు. అల వచ్చినప్పుడల్లా చెయ్యి కదిలిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. నోట్లో పెట్టుకుని పళ్ళతో పట్టి లాగాను, నోరంతా ఉప్పు. నాకు కింద ఇసక ఉంది, వెనక అమ్మ ఉంది, ఎండ ఉంది. అయినా ఆ ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.